ఆరంకెల తాళంచెవి

వల్పరాయిసోలో అడ్రసు చెప్పాలంటే మెట్లు లెక్కపెట్టాలి.
నా తాళాల కొట్టు నూటపన్నెండో మెట్టు దగ్గర.
పైన రేకుల ఇంట్లో రెమీహియా,
ముప్పయ్యొక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
తీగలు గుచ్చి, తీగలు పీకి
ఈ రేవులోని గొంతులన్నీ విన్న మనిషి.
అవతల ఉన్నది అప్పులవాడో కన్నతల్లో
ఊపిరిని బట్టే చెప్పేదట.

నిన్న పొద్దున్న దిగి వచ్చింది, చేతిలో సగం తిన్న రొట్టె.
"బల్దొమేరో, మా తమ్ముడు ఫోన్ చేశాడు" అంది.

ఆకురాయి ఆపాను.
ఎవరిస్తో సముద్రంలో పోయి నలభై రెండేళ్లు.
పడవ దొరికింది. ఒక బూటు దొరికింది.

"నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అన్నాడట వాడు.
మా దేశంలో ఈ విద్యకు మామయ్య కథ అని పేరు.
కథ వాడిది, అందులో మనిషికి పేరు మాత్రం మనమే పెట్టాలి.
పెట్టామా,
ఆ పేరు చొక్కాలా తొడుక్కుని ఇంట్లోకి వచ్చేస్తాడు.
ఆవిడకు తెలుసు. తెలిసే అంది:
"ఎవరిస్తోవా?"
"అవునత్తా, ఎవరిస్తోనే! భలే గుర్తుపట్టావే!"

అక్కను అత్తను చేశాడు.

తర్వాతంతా మామూలే.
ఇకీకే కస్టమ్స్‌లో కారు ఆగిపోయింది,
పన్నెండు లోపు డబ్బు కట్టాలి,
ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ పెట్టేయొద్దు,
బ్యాంకుకు నడుస్తూ కూడా లైన్‌లోనే ఉండు.
"పెట్టేయొద్దు అన్నచోటే తీగ పీకెయ్యాలి" అంది రెమీహియా.
"కానీ ఇంకో నిమిషం విన్నాను."
"ఎందుకు?"
"ఆ పేరు పిలిస్తే
ఎవరో ఒకరు అవునని పలికి ఎన్నాళ్లయింది."

రొట్టె తుంచి కుంటికుక్కకు వేసింది.
"అప్పుడడిగాను, నీ రెండో బూటు ఎక్కడ్రా అని.
వాడే పెట్టేశాడు."

ఆ తర్వాత అసలు మేనల్లుడికి చేసిందట,
అలమారా తలుపు లోపల పెన్సిల్‌తో రాసుకున్న నంబరుకు.
టైరు మారుస్తున్నాడు, విసుక్కున్నాడు.
ఆ విసుగు విని స్థిమితపడిందట.

నవ్వాను. నవ్వు సగంలో ఇరుక్కుంది,
వేరే తాళంలో పెట్టిన చెవిలా.
ఆవిడ చూస్తోంది. ఊపిరి వింటోంది.

చెప్పేశాను.
జూలై వానల్లో, బ్యాంకు నుంచి అంటూ ఒక అమ్మాయి.
ఎంత మర్యాద! నా పేరు పూర్తిగా పలికింది,
మా అమ్మ ఇంటిపేరుతో సహా.
మీ డబ్బు ఎవరో దోచేస్తున్నారు, ఆపుదాం అంది.
మెసేజ్‌లో వచ్చిన ఆరంకెలు చదవమంది.
నలభై ఏళ్లు తాళాలు చేసినవాణ్ణి,
ముక్కూమొహం తెలియనివాడు సబ్బు మీద అచ్చు తెస్తే
తరిమి కొట్టినవాణ్ణి,
అదీ తాళంచెవేనని తోచలేదు.
కళ్లజోడు పెట్టుకుని మరీ
ఒక్కొక్క అంకె, నిదానంగా, తప్పు పోకూడదని రెండుసార్లు.

మా ఆవిడ సమాధిరాయికి దాచిన డబ్బు.
రాయి ఇంకా చెక్కుతున్నారని కూతురికి చెప్పాను.

రెమీహియా అయ్యో అనలేదు.
"ఆ అమ్మాయి వెనకాల ఇంకా గొంతులున్నాయా?"
"చాలా."
"ఎక్స్ఛేంజిలోలాగా?"
"అచ్చం అలాగే."
తలూపింది. స్టూలు లాక్కుంది.
"పోలీసులకు చెప్పావా? బ్యాంకుకు?"
"లేదు."
"సిగ్గుపడి ఊరుకున్నావు. వాళ్లకు కావలసిందీ అదే.
కార్డు వెనకున్న నంబరు చదువు.
వాళ్లు మనకు చేసేది కాదు, మనం వాళ్లకు చేసేది."
చదివాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క అంకె.
ఆవిడ నొక్కింది.
పదకొండు నిమిషాలు ఏదో పియానో.
రొట్టె కోసం కుక్క మళ్లీ వచ్చింది.

డబ్బు తిరిగి రాదేమో.
సాయంత్రం కూతురికి ఫోన్ చేశాను.
ఎప్పుడూ ఆటపట్టిస్తాను, ఎవరో చెప్పుకో అని.
నిన్న అనలేదు.
"నేనమ్మా, నాన్నని" అన్నాను.
"ఆ రాయి గురించి నీకొక అబద్ధం చెప్పాను."